చల్లబరచిన శస్త్రపరికరం, పేటెంటు చట్టం: స్వయంవిదితత్వ నిర్ణయంపై పరిశీలన

కీలకపదాలు: పేటెంటు, ఆవిష్కరణ, స్వయంవిదితత్వం, పశ్చాద్దృష్టి, ఎలక్ట్రోడు.

పేటెంటు చట్టంలోని ‘ఆబ్వియస్’ను తెలుగులో ‘స్పష్టమైన’ అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. ‘స్పష్టం కాని ఆవిష్కరణ’ అంటే వివరణ సరిగా లేనిదని పాఠకుడు గ్రహించే ప్రమాదం ఉంది. చట్టం అడిగేది వేరు: దరఖాస్తు నాటికి లోకానికి తెలిసిన జ్ఞానం నుంచి, ఆ రంగంలో సాధారణ నైపుణ్యం గల వ్యక్తికి ఆ ఆలోచన సహజంగా తట్టేదా? అందుచేత ‘స్వయంవిదితం’ అన్న పదమే ఇక్కడ ఉచితం.

కాలేయంలోని కణితిని రేడియోఫ్రీక్వెన్సీ విద్యుత్తుతో నశింపజేసే సూదివంటి ఎలక్ట్రోడు ఇందుకు మంచి ఉదాహరణ. సూదిని ఆనుకొన్న కణజాలం మరీ వేడెక్కి మాడితే, ఆ మాడిన పొర విద్యుత్తును అడ్డగిస్తుంది. వేడి దూరం పోదు. కణితి అంచులు మిగిలిపోవచ్చు. సూది లోపల చల్లని నీటిని ప్రవహింపజేస్తే మాడటం తగ్గుతుంది. అప్పుడు ఎక్కువ శక్తిని పంపవచ్చు, నశించే ప్రాంతం పెరుగుతుంది. కాల్చడం కోసం చల్లబరచడమన్నమాట.

విన్న తరువాత ‘ఇంతేనా’ అనిపిస్తుంది. తాళపత్ర ప్రతిలోని దుష్టపాఠాన్ని పరిష్కర్త సవరించాక, ఆ సవరణ అందరికీ ముందే తెలిసినట్లు తోచడం వంటిదే ఇది. ఈ పశ్చాద్దృష్టి ప్రమాదాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1966 నాటి గ్రహామ్ తీర్పులోనే గుర్తించింది. అయితే 2007 నాటి కె.ఎస్.ఆర్. తీర్పు, తెలిసిన అంశాలను కలిపి ఊహించదగిన ఫలితాన్నే సాధిస్తే పేటెంటు నిలవడం కష్టమని చెప్పింది. నీటితో చల్లబరచడం మోటారు ఇంజన్ల నాటి విద్య కనుక, ప్రతివాదికి ఈ తీర్పు గట్టి ఆయుధం.

కానీ చిక్కు సమస్యను చెప్పే తీరులోనే ఉంది. ‘సూదిని చల్లబరచడం ఎలా?’ అని అడిగితే జవాబు ప్రశ్నలోనే దాగి ఉంటుంది; ఏ ఆవిష్కరణా ఆ పరీక్షకు నిలవదు. ‘నశించే ప్రాంతాన్ని పెంచడం ఎలా?’ అని అడిగితే పలు సూదులు గుచ్చడం, గొడుగులా విచ్చుకొనే తీగలు, విద్యుత్తును విడతలుగా పంపడం వంటి దారులు ఎన్నో కనిపిస్తాయి. సమస్యా నిర్వచనంలో పరిష్కార సూచన ఉండరాదన్న యూరోపియన్ పేటెంటు కార్యాలయ నియమం ఈ విషయంలో అమెరికా పద్ధతికన్నా నిశితమైనది.

భారతదేశంలో 1978 నాటి బిశ్వనాథ్ ప్రసాద్ తీర్పు, పాత్రలను లేత్ యంత్రంపై పట్టి ఉంచే సాధనాన్ని కార్ఖానాలో జరిగే మామూలు మెరుగుదలగానే ఎంచింది. ఆ కొలతను శస్త్రపరికరానికి యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటు. పొరపాటున ఇచ్చిన పేటెంటు చికిత్సపై 20 ఏళ్ల గుత్తాధిపత్యమవుతుంది. పొరపాటున నిరాకరిస్తే మొదట ఆలోచించినవారికి దక్కేది శూన్యం.

కనుక తీర్పరి చూడవలసింది దరఖాస్తుకు ముందటి వైద్యపత్రాలను. మాడటమే అవరోధమని వైద్యులు అప్పటికే రాసి ఉంటే, చల్లని నీరు తరువాతి అడుగు మాత్రమే. వారు శక్తిని పెంచుతూ, ఫలితం ఎందుకు ఆగిపోతోందో తెలియక తికమకపడుతూ ఉంటే, ఆ కారణాన్ని కనిపెట్టడమే ఆవిష్కరణ.