సంతకం ఎవరిది?

శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. అవతారికలో ఆ వర్తకుని ఓడ సరుకులన్నీ – సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనాంబరాలు – ఏకరువు పెట్టాడు. దీన్ని ప్రకటన అనడానికి మన పండితులు జంకవచ్చు, నేను జంకను. కాని దాని కింద శ్రీనాథుని పేరుంది. పొగడ్తను ఎంతవరకు నమ్మాలో చదువరే తేల్చుకుంటాడు.

వర్తకుని కోసం రాసే పని మా వన్ టౌన్‌కు మరో రూపంలో వచ్చింది. నా సహపాఠి ఒకడు, తెలుగు ఎం.ఏ., 2010లో కురుపాం మార్కెట్ దగ్గర అద్దెగదిలో కూర్చుని ఇంగ్లీషు వ్యాసాలు రాసేవాడు. మాటకింత అని కూలి. సరుకు, అమెరికా దుకాణంవాడి మోకాళ్లనొప్పుల మాత్రలు. సంతకం, అతను ఎన్నడూ చూడని ఒక వైద్యునిది. ఒకటి చదివాను: అవసరమున్నా లేకున్నా ప్రతి పేరాలోనూ మందు పేరే. అది మనిషి చదవడానికి రాసింది కాదు. అటువంటి వ్యాసాలను పోగేసే అంతర్జాల గిడ్డంగులకు పంపితే, గూగుల్ వెతుకులాటలో దుకాణం పైకెక్కుతుంది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన లెక్క మార్చింది. గిడ్డంగులు దెబ్బతిన్నాయి, అతని పనీ పోయింది. ఇప్పుడా రాత చాలామట్టుకు యంత్రాలు రాస్తున్నాయి.

అతన్ని దొంగరచయిత అనడం అన్యాయం. అతను అమ్ముకున్నది శ్రమ. దొంగతనమంతా సంతకంలో ఉంది. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షను, హక్కులు అమ్ముకున్నాక కూడా 'ఇది నా రచన' అనే అధికారాన్ని రచయితకు మిగిల్చింది. అతనికి ఆ అధికారం అక్కరలేకపోయింది. తల్లి మోకాళ్లను మాత్రం కె.జి.హెచ్.లో చూపించాడు.