స్త్రీత్వ నిర్ణయం: లోజాన్ న్యాయస్థానపు రెండు తీర్పులు

సాహిత్య విమర్శ ప్రకటించే పత్రికలో ఆటల తగాదాకు చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. తీర్పు కూడా ఒక రచనే అని నా సమాధానం. దానికి కర్త ఉంటాడు, వస్తువు ఉంటుంది, పాత్రలుంటాయి. ఏ పాత్రకు నోరిచ్చారు, ఏ పాత్రను మూగగా నిలబెట్టారు అన్నది కథలో చూసినట్టే తీర్పులోనూ చూడవచ్చు. స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2015లో ఒడిశా క్రీడాకారిణి ద్యుతీ చంద్ వ్యాజ్యంలోనూ, 2019లో దక్షిణాఫ్రికాకు చెందిన కాస్టర్ సెమెన్యా వ్యాజ్యంలోనూ ఇచ్చిన తీర్పులను నేను ఈ దృష్టితోనే చదివాను. న్యాయస్థానం ఒకటే, వివాదమూ దాదాపు ఒకటే. మొదటి తీర్పు ప్రశ్నను సరిగ్గా అడిగింది. రెండవది ప్రశ్ననే మార్చి జవాబు రాబట్టింది.

ఈ వివాదానికి పూర్వకథ కొంత చెప్పుకోవాలి. 1966లో బుడాపెస్టులో జరిగిన యూరోపియన్ పోటీలకు వచ్చిన స్త్రీలను వివస్త్రలను చేసి వైద్యుల ముందు నడిపించారు. మరుసటి సంవత్సరం కీవ్‌లో క్రోమోజోముల పరీక్ష జరిపారు. టోక్యో ఒలింపిక్స్‌లో రిలే పరుగులో బంగారు పతకం పొందిన పోలెండు యువతి ఎవా క్లోబుకోవ్‌స్కా ఆ పరీక్షలో నెగ్గలేదని ప్రకటించి, ఆమెను మైదానం నుంచి వెళ్ళగొట్టారు. ఇదంతా పెట్టుబడిదారీ వ్యవస్థ కల్పన అని ఒక్క మాటతో తేల్చేసే మిత్రులు బుడాపెస్టు, కీవ్ నగరాలు ఆనాడు ఏ వ్యవస్థలో ఉన్నాయో గుర్తు తెచ్చుకోవాలి. స్త్రీ శరీరాన్ని అనుమానించే అలవాటు వ్యవస్థ మారినంత మాత్రాన పోలేదు.

క్రోమోజోముల పరీక్ష ముప్పయ్యేళ్ళకు పైగా నడిచింది. అది పట్టుకున్నది స్త్రీ వేషం వేసుకున్న పురుషులను కాదు. పుట్టుకతోనే శరీర నిర్మాణంలో భేదం ఉండి, ఆ సంగతి తమకే తెలియని స్త్రీలను పట్టుకుంది. 1985లో కోబేలో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసె మార్తినెస్ పతీన్యోకు అదే జరిగింది. ఆమె కణాల్లో ఎక్స్, వై క్రోమోజోములున్నాయి. కాని టెస్టోస్టెరోన్ హార్మోను ఆమె శరీరం మీద ఏ ప్రభావమూ చూపలేదు. అంటే, ఏ లాభం పొందిందని అనుమానించారో ఆ లాభం పొందడానికి వీలే లేని మనిషి ఆమె. 1988లో ఆమెను తిరిగి చేర్చుకున్నారు. కాని ఆ మూడేళ్ళను తిరిగి ఇవ్వలేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3387 మంది స్త్రీలను పరీక్షిస్తే 8 మంది విషయంలో తేడా కనిపించింది. ఎనిమిది మందినీ పోటీకి అనుమతించారు. ఇక పరీక్ష దేనికన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. 1999లో ఒలింపిక్ సంఘం దానిని ఎత్తివేసింది.

2011లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య కొత్త కొలబద్ద తెచ్చింది. రక్తంలో టెస్టోస్టెరోన్ లీటరుకు 10 నానోమోళ్ళ కంటె ఎక్కువ ఉన్న స్త్రీ దానిని తగ్గించుకోవాలి, లేదా తప్పుకోవాలి. జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్‌లో నేతపని వారి కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో నాగపురి రమేశ్ వద్ద శిక్షణ పొందిన ద్యుతీ చంద్‌ను 2014 జూలైలో, గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల ముంగిట, జట్టు నుంచి తొలగించారు. అప్పటికామెకు పద్దెనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ ముందు దోహా ఏషియన్ క్రీడల్లో వెండి పతకం గెలిచి పోగొట్టుకున్న శాంతి సౌందరరాజన్ తమిళనాడులో ఇటికబట్టీ కూలీల బిడ్డ. ఆమె గోడు వినే న్యాయస్థానమే లేకపోయింది. ద్యుతీకి అండ దొరికింది, మందు మింగనన్నది, లోజాన్‌కు వెళ్ళింది.

2015 జూలై తీర్పులో నన్ను ఆకట్టుకున్న ఘట్టం ఒకటి ఉంది. ఉన్నతస్థాయి క్రీడల్లో స్త్రీపురుషుల ఫలితాల మధ్య తేడా 10 నుంచి 12 శాతం ఉంటుందని న్యాయమూర్తులు గుర్తించారు. పిదప సమాఖ్యను ఇలా నిలదీశారు: సహజంగా టెస్టోస్టెరోన్ ఎక్కువగా ఉన్న స్త్రీకి ఇతర స్త్రీల కంటె ఎంత లాభం? పోషకాహారం వల్ల, శిక్షకుల వల్ల, సాధన సౌకర్యాల వల్ల కలిగే లాభం కంటె అది పెద్దదా? ఆ లెక్క తేల్చి చూపేవరకు నిబంధన ఆగాలి.

పాఠకులు ఈ మాటల బరువు గమనించాలి. హార్మోనును ఒక తక్కెడలో పెట్టి, రెండో తక్కెడలో తిండిని పెట్టారు. ఐరోపా క్రీడాకారిణికి చిన్ననాటి నుంచి అందే పాలు, మాంసం, వైద్యుడు, రబ్బరు ట్రాకు లాభాలే అయినప్పుడు, వాటిని న్యాయమైన లాభాలనీ, నేతవాని బిడ్డకు నెత్తుటిలో వచ్చినదాన్ని అన్యాయమైన లాభమనీ ఎవరు విడదీశారు? అభ్యుదయవాదులు ఎన్నడూ కాలు పెట్టని న్యాయపీఠం మీదికి ఆకలి ప్రసక్తి దానంతటదే వచ్చి కూచుంది.

ఈ కథలో ద్యుతీని దేవతను చేయనక్కర లేదు. నిషిద్ధ పదార్థాల విషయంలో 2023లో ఆమెపై నాలుగేళ్ళ నిషేధం పడింది. అది వేరే వ్యవహారం. దాని వల్ల 2015 నాటి ప్రశ్న బలం తగ్గదు.

సమాఖ్య లెక్కతో తిరిగి వచ్చింది. దాని సొంత పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనం స్త్రీల 21 పోటీలను పరిశీలించి, అయిదింటిలో మాత్రమే టెస్టోస్టెరోన్ ఎక్కువ ఉన్నవారు ముందున్నారని చెప్పింది. 400 మీటర్ల పరుగులో 2.73 శాతం, అదే దూరపు హర్డిల్స్‌లో 2.78, 800 మీటర్లలో 1.78, పోల్ వాల్ట్‌లో 2.94, హేమర్ త్రోలో 4.53. ఇక 2018 నిబంధన చూడండి. పరిమితి 5 నానోమోళ్ళకు దిగింది. అది 400 మీటర్ల నుంచి మైలు వరకు గల పరుగులకు వర్తిస్తుంది. లెక్కలో అందరికంటె పైనున్న హేమర్ త్రో అందులో లేదు, పోల్ వాల్ట్ లేదు. లెక్కలో లేని 1500 మీటర్లు ఉన్నది, సెమెన్యా పరుగెత్తే దూరాలన్నీ ఉన్నవి. ద్యుతీ పరుగెత్తే 100, 200 మీటర్లు లేవు గనుక ఆమె వ్యాజ్యం చల్లగా జారిపోయింది. ఒక నవలాకారుడు పూర్వభాగంలో ఒకటి చెప్పి ఉత్తరభాగంలో మరొకటి రాస్తే మనం ఊరుకుంటామా?

2019 మేలో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఈ నిబంధనను సమర్థించారు. ఇది వివక్షే అని ఒప్పుకున్నారు, కాని ఈ వివక్ష అవసరం, సమంజసం అన్నారు. 1500 మీటర్లు, మైలు విషయంలో సాక్ష్యం చాలదన్న సందేహమూ వారే వెలిబుచ్చారు. సందేహం వెలిబుచ్చి, నిబంధనను మాత్రం నిలబెట్టారు! తిండి, శిక్షణ తూచిన ఆ త్రాసు ఏమయింది? పురుషుల పద్ధతిలో టెస్టోస్టెరోన్ వల్ల కలిగే లాభం నుంచి కాపాడటానికే స్త్రీల విభాగం ఏర్పడిందని మొదటనే అంగీకరించారు గనుక, తక్కిన లాభాలతో పోల్చవలసిన పనే లేకుండా పోయింది. నిర్వచనంతోనే వ్యాజ్యం ముగిసింది. ఆ అధ్యయనమొక్కటే తీర్పుకు ఆధారమని నేననను. అయితే దానిని ప్రకటించిన పత్రికలోనే 2021లో, అది అన్వేషణ దశలోనిదని, కార్యకారణ సంబంధం రుజువైనట్టు ధ్వనించడం పాఠకులను తప్పుదోవ పట్టించి ఉండవచ్చునని రచయితలే సవరణ వేసుకున్నారు. నిబంధన సడలలేదు. 2023లో పరిమితి 2.5కు దిగి అన్ని పోటీలకూ వ్యాపించింది.

ఇక మనవారి వాదన సంగతి. పరీక్షలూ వద్దు, హద్దులూ వద్దు, ఎవరు స్త్రీనంటే వారు పరుగెత్తవచ్చునని కొందరు విద్యార్థి మిత్రులు అంటున్నారు. ఇది ఉదారంగా వినిపిస్తుంది గాని, స్త్రీల విభాగం ఎలా వచ్చిందో మరచిన మాట. ఒలింపిక్ సంఘం పరుగుపందేల్లో స్త్రీలకు చోటివ్వకపోతే ఆలిస్ మిలియా 1921లో స్త్రీల సమాఖ్య స్థాపించి, 1922లో పారిస్‌లో పోటీలు జరిపింది. ఆ ఒత్తిడి మీదనే 1928లో ఆంస్టర్‌డాంలో తలుపు తెరుచుకుంది. అక్కడ 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు అలసి కూలిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టగా, ఆ దూరాన్ని 1960 దాకా స్త్రీలకు నిషేధించారు. మొదట స్త్రీ బలహీనురాలని ఆ పరుగు మాన్పించారు. తరువాత అదే 800 మీటర్లలో ఒక స్త్రీ మరీ బలంగా ఉందని మాన్పించారు. పది శాతం తేడా నిజం, అందుచేత విభాగం అవసరం, విభాగానికి ఎక్కడో ఒక హద్దు అవసరం. పురుషస్థాయి టెస్టోస్టెరోన్‌కు శరీరం స్పందించినప్పుడు లాభం ఉండవచ్చుననీ, నాలుగో స్థానంలో మిగిలిపోయిన అమ్మాయి ఫిర్యాదు కూడా ఒక శ్రామికురాలి ఫిర్యాదేననీ ఒప్పుకోవాలి. నా తగాదా హద్దుతో కాదు. హద్దు గీసినవాడు రుజువు చూపే బాధ్యత నుంచి తప్పుకోవడంతో, మనుషులు గీసిన గీతను ప్రకృతి గీసిందని నమ్మించడంతో నా తగాదా.

ఆ గీత ఎంత దూరం పోతుందో తెలుసుకోదలచినవారు తీర్పులను పక్కన పెట్టి, 2013లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించిన ఒక నివేదిక చదవాలి. వెనుకబడిన దేశాల గ్రామాల నుంచి, కొండ ప్రాంతాల నుంచి వచ్చిన నలుగురు క్రీడాకారిణులు. పద్దెనిమిది నుంచి ఇరవయ్యొక్క ఏళ్ళ వారు. వారి లోపలి బీజగ్రంథులను తొలగించారు, మర్మాంగాన్ని కొంత కోశారు. ఆ గ్రంథులు ఉంచుకున్నందువల్ల ఆరోగ్యానికి హాని లేదని నివేదికే చెబుతున్నది. తొలగిస్తే ఆట మందగించవచ్చు గాని స్త్రీల విభాగంలో కొనసాగవచ్చునని వారికి చెప్పారట. వారు ఒప్పుకున్నారట. మరో బతుకుతెరువు లేని పిల్ల, భాష రాని దేశంలో, తెల్లకోటు ముందు ఎలా ఒప్పుకుంటుందో ఆ నివేదిక అడగలేదు. పేర్లు దాచడం న్యాయమే. కాని ఆ పుటల్లో ఆ నలుగురి మాట ఒక్కటైనా లేదు.

2025 జూలై 10న యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం, స్విస్ న్యాయస్థానం సెమెన్యా వ్యాజ్యాన్ని తగినంత నిశితంగా విచారించలేదని తేల్చింది. వివక్ష సంగతి మాత్రం తన పరిధిలోకి రాదని పక్కన పెట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి వరల్డ్ అథ్లెటిక్స్ ప్రపంచస్థాయి స్త్రీల పోటీలకు ఎస్‌ఆర్‌వై జన్యుపరీక్షను తప్పనిసరి చేసింది. బుగ్గ లోపల గీకి తీసిన తడి గాని, నెత్తురు గాని చాలు, జీవితంలో ఒక్కసారి. ఇది 1999లో మూలపడేసిన పరీక్షే. ఆ జన్యువును 1990లో కనుగొన్న ఆండ్రూ సింక్లెర్, ఈ పనికి దాన్ని వాడటం తగదనీ, జన్యువు ఉన్నదో లేదో మాత్రమే అది చెబుతుందనీ, శరీరంలో అది పనిచేసిందో లేదో చెప్పదనీ 2025లోనే రాశాడు. ఆయన అభ్యంతరం వచ్చిన కొద్ది వారాలకే టోక్యోలో పోటీలు మొదలయ్యాయి, పరీక్షకు ఒప్పుకున్నవారే వరసలో నిలబడ్డారు.