తలబిరుసుకి జబ్బు పేరు

బడిపిల్లల మానసిక ఆరోగ్యం గురించి ఇప్పుడు పదిమందీ మాట్లాడుతున్నారు. మంచిదే. నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వే, 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి మానసిక రుగ్మతలున్నట్టు అంచనా కట్టింది. వాళ్లలో మన వాడల పిల్లలూ ఉంటారు. వాళ్లకీ వైద్యం అందాలి. ‘కూలోళ్ల పిల్లలకి మనోవ్యాధులేంటి?’ అని కొట్టిపారెయ్యడం కూడా వివక్షే. అయితే ఏది జబ్బో తేల్చే కొలబద్దకి కులం కనపడుతుందా లేదా అన్నది మా ప్రశ్న.

ఒక్క కొలబద్దని తీసుకుందాం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 గ్రంథంలో ‘అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్’ అని ఒకటుంది. మన పంతుళ్ల భాషలో చెప్పాలంటే తలబిరుసు. దానికి ఎనిమిది లక్షణాలు చెప్పారు: పదేపదే కోపం తెచ్చుకోవడం, చీటికిమాటికి చిరాకుపడటం, లోపల రగిలిపోవడం, పెద్దలతో వాదించడం, చెప్పిన మాట విననని మొండికెయ్యడం, కావాలని విసిగించడం, తన తప్పుకి ఇతరుల్ని నిందించడం, కక్ష సాధించడం. వీటిలో కనీసం నాలుగు ఆర్నెల్లపాటు ఉండాలి. తోబుట్టువు కాని ఒక్క మనిషి దగ్గర ఇలా ఉన్నా సరిపోతుంది. ఒక్క బడిలోనే కనపడితే ‘తక్కువ తీవ్రత’ అంటారు గానీ జబ్బు కాదనరు.

ఇప్పుడు మరుగుదొడ్డి కడగడానికి దళిత పిల్లల్నే పంపే సారు ఒకాయన ఉన్నాడనుకుందాం. పిల్లవాడు పోనంటాడు. ‘నేనే ఎందుకు?’ అని వాదిస్తాడు. రోజూ ఇదే జరిగితే చిరాకు పడతాడు, లోపల రగిలిపోతాడు. నాలుగూ కుదిరాయి. వయసునీ, సంస్కృతినీ లెక్కలోకి తీసుకోమని ఆ గ్రంథమే చెబుతుంది, నిజమే. కానీ ఆ ఎనిమిదింటిలో ఒక్కటీ సారు చెప్పిన పని న్యాయమైనదేనా అని అడగదు. కొలిచేది పిల్లవాణ్ణే, ఆజ్ఞని కాదు.

అంబేద్కర్ తన బడి రోజుల గురించి రాసుకున్నదాన్ని ఈ గ్రంథం పక్కన పెట్టి చదవాలి. ఆయన గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. ప్యూను పోస్తేనే నీళ్లు, ప్యూను లేకపోతే దాహంతో ఉండాల్సిందే. ఆ బాలుడు కుళాయి తిప్పేసి ఉంటే రోగి ఎవరు? బాలుడా, బడా?

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, పారిపోయే నల్లజాతి బానిసలకి ‘డ్రాపెటోమేనియా’ అనే జబ్బుందన్నాడు. కొరడాదెబ్బల్ని మందుగా చెప్పాడు. బానిసత్వం మాత్రం ఆయనకి జబ్బుగా కనపడలేదు.

మన చేతిలో ఒక ఆయుధముంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, సామాజిక హోదాని బట్టి గానీ, చుట్టూ ఉన్న సమాజపు విలువలకి ఒదగలేదని గానీ మనిషికి మానసిక రోగముందని తేల్చకూడదు. బడి కౌన్సెలర్లకి ఈ సెక్షన్ నేర్పాలి.

ఉపాధ్యాయ మిత్రులకి మేము చెప్పేదొకటే. పిల్లవాడి మీద కాగితం రాసేముందు నాలుగు సంగతులు కనుక్కోండి. వాడికి ఏం పని చెప్పారు? ఆ పని అందరికీ చెప్పారా? అన్నం దగ్గర వాణ్ణి ఎక్కడ కూర్చోబెడుతున్నారు? ఇంటి దగ్గర వాడెట్లా ఉంటున్నాడు? ఈ జవాబులు కూడా ఆ కాగితం మీదే రాయండి. అప్పుడు వైద్యం కావాల్సిన పిల్లవాడికి వైద్యం దొరుకుతుంది. న్యాయం కావాల్సినవాడికి మందుబిళ్ల చేతిలో పెట్టి పంపెయ్యడం కుదరదు.