గాలి నిరోధాన్ని ఉపేక్షించండి

ఇబ్రహీంపట్నంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ బోర్డు మీద నేను ఎక్కువసార్లు రాసిన మాట ఇదే. రాయకపోతే రాయి విసిరే లెక్క కూడా గంటలో తెమలదు. రాయడం తప్పు కాదు. వదిలేసినదాన్ని మళ్ళీ ఎప్పుడు కలపాలో చెప్పకపోతే మాత్రం సగం పాఠమే చెప్పినట్టు.

ఈ వారం క్లాసులో కాంతికన్నా వేగంగా పోయే వార్ప్ ప్రయాణం మాట వచ్చింది. 1994లో మెక్సికో శాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెరె ఐన్‌స్టీన్ సిద్ధాంతంలోంచే ఆ దారి తీశాడు. నౌక ముందున్న స్థలం ముడుచుకుంటుంది, వెనకది సాగుతుంది, నడిమి బుడగలో నౌక కుదురుగా ఉంటుంది. బుడగ మాత్రం కాంతిని దాటిపోతుంది. అందుకు రుణాత్మక శక్తి కావాలి. అంత శక్తిని కూడబెట్టే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. ఉందనే అనుకుందాం. మరి దారి ఖాళీయేనా?

నక్షత్రాల నడుమ సుమారుగా ఘన సెంటీమీటరుకో పరమాణువు తిరుగుతూ ఉంటుంది. 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో మెక్‌మోనిగల్, లూయిస్, ఓబర్న్ ఆ కణాలను లెక్కలోకి తెచ్చారు. ఎదురైన కణాలు కొన్ని బుడగ ముందు అంచున చిక్కుకుని పోగవుతాయి. బుడగ ఆగిన క్షణాన అవి విపరీతమైన శక్తితో ముందుకు దూసుకుపోతాయి. ఎంత దూరం వస్తే అంత శక్తి, దానికి పైహద్దు లేదు. చేరాలనుకున్న గ్రహం సూటిగా ఎదురుగా ఉంటే, మనం దిగేలోపే అక్కడివాళ్ళు మిగలరు. ఆ ముగ్గురూ అల్కుబియెరె బుడగను మార్చలేదు. దాని దారిలో పరమాణువును పెట్టి చూశారంతే. నాకు ఆ పని మీద ఉన్న గౌరవమంతా అందుకే.

ఇలాంటి పని మా పక్కనే జరిగింది. జపాల-రంగాపూర్ అబ్జర్వేటరీలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టింది. దానితో నక్షత్రాల వెలుగు కొలిచేవారు. నక్షత్రపు వెలుగు కొలిచేవాళ్ళు గాలిని ఉపేక్షించలేరు. నక్షత్రం కిందికి దిగేకొద్దీ దాని కాంతి మరింత మందమైన గాలిలోంచి రావాలి, దారిలో కొంత పోతుంది. అందుకే పక్కనే మారని వెలుగున్న మరో నక్షత్రాన్ని రాత్రంతా మళ్ళీ మళ్ళీ కొలుస్తారు. గాలి ఎంత మింగిందో దాన్నిబట్టి తేల్చి, ఆ మేరకు కలుపుకుంటారు.

నేనిప్పుడు రాయి లెక్కను రెండోసారి గాలితో చేయిస్తున్నాను. జవాబు పుస్తకం వెనకున్న దానితో కలవదు. ఎంత తేడా వచ్చిందో పిల్లలు పక్కన రాసుకుంటున్నారు.