గాలికి దారిచ్చే ఇల్లు

ఉత్తరాంధ్ర తీరంలో అక్టోబరు వచ్చిందంటే అందరి చూపూ సముద్రం మీదే ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ శ్రీకాకుళం జిల్లానూ కుదిపింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసి విజయనగరం మీదుగా సాగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. ప్రతి తుపానుకూ సిమెంటు రేకులు పగులుతాయి, ఇనుప రేకులు ఎగిరిపోతాయి. ఆ తర్వాత ఇళ్లు మళ్లీ పాత పద్ధతిలోనే లేస్తాయి. ఈ గాలికి తగిన ఇంటిని మాత్రం ఈ తీరం వాళ్లు ఎప్పుడో కట్టుకున్నారు. అదే చుట్టిల్లు.

గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువు ఆకారంలో తాటాకు కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు. లోపలికి వెళ్లాలంటే వంగాల్సిందే. చూసేవాళ్లకు అది పేదవాడి గుడిసెలా కనిపిస్తుంది. కట్టినవాళ్ల లెక్క వేరు.

మూల లేని గోడ

గాలి వేగం రెట్టింపైతే అది గోడ మీద మోపే బలం నాలుగు రెట్లవుతుంది. చదునైన గోడ ఆ బలాన్ని ముఖాముఖి ఎదుర్కోవాలి. పైగా మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర గాలి విడిపోయి, గట్టిగా బయటికి లాగుతుంది. ఇల్లు విడిపోవడం ముందు అక్కడే మొదలవుతుంది. గుండ్రటి గోడకు మూలలుండవు. గాలి రెండు పాయలై పక్కలనుంచి జారిపోతుంది. తుపాను సుడి కదులుతున్నకొద్దీ గాలి దిక్కు మారుతూ ఉంటుంది కదా, ఎటు తిరిగినా ఈ ఇంటికి ఒకటే.

ఖర్చులోనూ లాభముంది. 14 అడుగుల వ్యాసమున్న గుండ్రటి గదికి 154 చదరపు అడుగుల చోటు వస్తుంది, గోడ చుట్టుకొలత 44 అడుగులు. అంతే చోటును చతురస్రంగా కడితే దాదాపు 50 అడుగుల గోడ లేపాలి. ఆ మేరకు మట్టీ శ్రమా మిగులుతాయి. ఎండ తగిలే గోడ కూడా తగ్గుతుంది.

ఈ గోడకు పలకలు బిగించి అచ్చు కట్టనక్కర్లేదు, ఇటుక కాల్చనక్కర్లేదు. దగ్గర్లో దొరికే మట్టిని నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్లతో బాగా తొక్కుతారు. ఆ ముద్దలను చుట్టూ ఒక వరుసగా పేర్చి, ఆరనిచ్చి, దాని మీద ఇంకో వరుస వేస్తారు. తొందరపడి పచ్చి వరుస మీద బరువు పెడితే గోడ ఉబ్బుతుంది. మట్టి ఆరేటప్పుడు బీటలు విచ్చకుండా గడ్డి పట్టి ఉంచుతుంది. చివరికి పేడ కలిపిన మట్టితో అలికి, సున్నం పూస్తారు.

నేలకు దిగిన చూరు

కప్పుకు కావలసినవన్నీ దాదాపు ఒక్క చెట్టే ఇస్తుంది. తాటి మొద్దు చీల్చితే వాసాలు, ఆకు కప్పుకు, నార కట్లకు. ఎంతటి గాలికీ తొందరగా ఒరగని చెట్టు ఈ తీరంలో తాడే.

కప్పు వాలు నిటారుగా ఉండడంలో రెండు ప్రయోజనాలున్నాయి. వాన నిలవక జారిపోతుంది. చదునైన కప్పును గాలి పైకి పీల్చినట్టు ఈ ఏటవాలు కప్పును పీల్చలేదు. వాసాలన్నీ శిఖరం దగ్గర కలవడంతో ఒకదాని బరువు మరొకటి పంచుకుంటుంది. చూరు దిగి ఉండడంతో గాలి దూరే సందు తక్కువ, వాన జల్లు గోడను తాకడమూ తక్కువ. మట్టిగోడకు మొదటి శత్రువు నీరే కాబట్టి, ఆ చూరే గోడ ఆయుష్షు. ఆ నీడలోనే అరుగు, ఆ అరుగు మీదే మధ్యాహ్నపు పని.

వైశాఖ మాసపు ఎండ మందపాటి మట్టిగోడను దాటి లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. తాటాకు పొరల మధ్య చిక్కిన గాలి వేడిని ఆపుతుంది. రేకు కింద మనిషి నిలవలేని వేళ, ఈ ఇంట్లో పసిబిడ్డ నిద్రపోగలదు.

లోపాలూ ఉన్నాయి

ఈ ఇల్లు అన్నిటినీ తట్టుకుంటుందని చెప్పడం అబద్ధమవుతుంది. ఉప్పెన నీటికి మట్టిగోడ నిలవదు. అప్పుడు తుపాను రక్షిత భవనానికి వెళ్లవలసిందే. వేసవిలో ఒక్క నిప్పురవ్వ వీధి మొత్తాన్ని కాల్చేస్తుంది. లోపల వెలుతురు తక్కువ, పొయ్యి పొగ ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది. కొన్నేళ్లకోసారి ఇల్లు నేయించాలి. తాటిచెట్లు తగ్గి, నేసే పనివాళ్లు తగ్గి, ఆ ఖర్చు పెరిగింది. జనం స్లాబు ఇంటిని కోరుకున్నారంటే అది వాళ్ల తప్పు కాదు.

అయితే లోపాలన్నీ ఆకులో, పొయ్యిలో, నీటిలో ఉన్నాయి. ఆకారంలో లేవు. తక్కువ ఎత్తు ఇళ్లకు తుపాను తట్టుకునే బలం ఎలా ఇవ్వాలో చెప్పే భారతీయ ప్రమాణం 15498 (2004) కూడా గుండ్రటి లేదా బహుభుజి ఆకారమే మేలంటుంది. మన తాతలు తొక్కిన మట్టి చెప్పిందే అది.

ఆకారాన్ని ఉంచి లోపాలను సరిదిద్దే దారి గుజరాత్‌లోని కచ్ఛ్‌లో ముందే వేశారు. 2001 జనవరి 26 భూకంపంలో అక్కడి భుంగాలనే గుండ్రటి ఇళ్లు, బాగా కట్టినవి, చాలావరకు నిలిచాయి. పునర్నిర్మాణంలో హున్నర్‌శాల వంటి సంస్థలు సిమెంటు కొద్దిగా కలిపి అదిమిన మట్టి దిమ్మెలతో వాటినే మళ్లీ కట్టించాయి.

మనకూ అదే సాధ్యం. పునాది, అరుగు రాతితో లేపి ఎత్తు పెంచాలి. గోడ తలమీద చుట్టూ ఒక పట్టీ బిగించి, ప్రతి వాసాన్నీ దానికి తీగతో కట్టాలి. పొయ్యిని విడిగా పెట్టి పొగగొట్టం ఇవ్వాలి. ఒక గది చాలకపోతే రెండు చుట్టిళ్లను వసారాతో కలపాలి. తాటాకు దొరకనిచోట కప్పుకు పెంకు వాడినా వాలు మాత్రం తగ్గించకూడదు.

జనాభా లెక్కల్లో మట్టిగోడ, ఆకు కప్పు ఇంటికి తాత్కాలిక నివాసమని పేరు. ఆ ముద్రతో ఆగిపోకుండా, ప్రభుత్వ గృహ పథకాల్లో ఈ తీర జిల్లాలకైనా గుండ్రటి నమూనా ఒకటి ఉండాలి. గోడ వేయగల, ఇల్లు నేయగల పెద్దలు ఇంకా ఉన్నప్పుడే, కూలి ఇచ్చి, పదిమంది కుర్రాళ్లకు ఆ పని నేర్పించాలి. పొలం గట్ల మీద తాటి టెంకలు పాతడం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. తాడు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, తుపాను మాత్రం అంతకాలం ఆగదు.