మెదక్ చర్చి: కొలతలకు అందని నిర్మాణం

మెదక్ చర్చిని గురించి తెలుగులో వెలువడిన రచనలు చాలావరకు అంకెలతో మొదలై అంకెలతోనే ముగుస్తాయి. గోపురం ఎత్తు 175 అడుగులు; పొడవు 200, వెడల్పు 100; ఒకేసారి 5 వేల మంది కూర్చోవచ్చు; 1914లో మొదలైన నిర్మాణం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. ఈ వివరాలు అవసరమైనవే. అయితే బాన్సువాడ నుంచి ఎల్లారెడ్డి మీదుగా వచ్చే ప్రయాణికునికి దూరం నుంచే కనిపించే ఆ ఒంటి గోపురం ఏ నిర్మాణ సంప్రదాయానికి చెందినది, అది ఒంటిగానే ఎందుకుంది అన్న ప్రశ్నలకు వీటిలో సమాధానం దొరకదు.

ఈ లోపానికి మూలం ఒక పదాన్ని అర్థం చేసుకున్న తీరులో ఉంది. కెథెడ్రల్ అంటే పెద్ద చర్చి అన్న భావన మన రచనల్లో స్థిరపడిపోయింది. అది పరిమాణాన్ని తెలిపే మాట కాదు. బిషప్ పీఠం ఉన్న చర్చి అని మాత్రమే దాని అర్థం. రోమ్ బిషప్‌గా పోప్ పీఠం ఉన్నది జగత్ప్రసిద్ధమైన సెయింట్ పీటర్స్‌లో కాదు, లాటరన్‌లోని సెయింట్ జాన్ బసిలికాలో. మెదక్ డయోసీస్ వాటికన్ తరువాత ప్రపంచంలో రెండవ పెద్దదన్న వాక్యం పర్యాటక రచనల నుంచి పరిశోధన వ్యాసాలదాకా పాకింది. వాటికన్ ఒక అతి చిన్న రాజ్యం. డయోసీసుల విస్తీర్ణానికి అది ఎలా కొలమానమైందో ఆ వాక్యాన్ని ఎత్తిరాసినవారెవరూ ప్రశ్నించలేదు. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించినది వెస్లియన్ మెథడిస్టు మిషన్ చర్చి. బ్రిటిష్ మెథడిస్టు వ్యవస్థలో బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్‌కు బిషప్ వచ్చిన తరువాతనే అది కెథెడ్రల్ అయింది. అప్పటికి కట్టడం వయసు రెండు దశాబ్దాలు దాటింది. కాబట్టి దాని రూపాన్ని కెథెడ్రల్ అన్న పేరు నుంచి కాక మరోచోటు నుంచి చదవాలి.

ఆ మరోచోటు మధ్యయుగపు ఇంగ్లండులోని పారిష్ చర్చి. పారిష్ అంటే ఒక గురువు ఆధీనంలోని ఊరి పరిధి. తెలుగు కథోలికులు దీన్నే విచారణ అంటారు. పారిష్ చర్చిలో ప్రధాన భాగాలు రెండు. బలిపీఠం ఉండేది చాన్సెల్, జనం చేరేది నేవ్. మన గర్భగృహం, మండపాలతో దీన్ని పోల్చడం తేలికే కాని, ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. మధ్యయుగంలో చాన్సెల్ మరమ్మతు చర్చి ఆదాయాన్ని పొందే రెక్టరు బాధ్యత, నేవ్ మరమ్మతు ఊరివారి బాధ్యత. అంటే నేవ్ ఊరి చేతి సొత్తు. ఉన్ని వ్యాపారంతో కలిగిన గ్రామాలు నేవ్‌లను ఎత్తు పెంచి, కిటికీలు వెడల్పు చేసి, పడమటి ముఖాన ఒకే ఒక గోపురం లేపాయి. పెద్ద కెథెడ్రళ్లలో తరచుగా ముఖభాగాన జంట గోపురాలు, నడుమ మరొకటి కనిపిస్తాయి; ఒంటి పడమటి గోపురం ఊరి చర్చి గుర్తు. లింకన్‌షైర్‌లోని బోస్టన్ చర్చి గోపురం 260 అడుగులు దాటినా అది పారిష్ చర్చే. ఎత్తు హోదాను నిర్ణయించదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మెదక్‌లో కనిపించేది ఈ పథకమే: ప్రవేశం మీద ఒంటి గోపురం, దాని వెనుక విశాలమైన నేవ్, చివర బలిపీఠం. ఈ పథకం మెథడిస్టులకు సహజంగా వచ్చింది కాదు. జాన్ వెస్లీ మెచ్చుకున్నది ఎనిమిది మూలల ప్రసంగ మందిరం. 1850లో ఎఫ్. జె. జాబ్సన్ తన గ్రంథంలో గోథిక్ శైలిని సమర్థించిన తరువాత వెస్లియన్లు దానివైపు ఎక్కువగా మొగ్గారు. మెదక్ చర్చికి రూపకల్పన చేసిన బోల్టన్ నగరపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ ఇంగ్లండులో మెథడిస్టుల సెంట్రల్ హాళ్లను కూడా కట్టింది. వేలమందికి ప్రసంగం వినిపించే గది ఎలా ఉండాలో వారికి తెలుసు. కప్పు కమానుల్లో ప్రతిధ్వనిని తగ్గించడానికి స్పాంజివంటి పదార్థం వాడారన్న వివరాన్ని మన రచయితలు వింతగా చెబుతారు. అది ప్రసంగ ప్రధానమైన ఆరాధనకు తప్పనిసరి ఏర్పాటు. అయితే ఈ కమానుల కప్పు దగ్గరే పారిష్ చర్చితో పోలిక తెగుతుంది. ఊరి చర్చులకు ఎక్కువగా కర్ర కప్పులే ఉండేవి. కప్పు, అడ్డభుజాలు మాత్రం కెథెడ్రల్ ఆశను బయటపెడుతున్నాయి.

కాలాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మరొక విషయం తెలుస్తుంది. పాలంపేట రామప్ప దేవాలయ శాసనం 1213 నాటిది. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బే పునర్నిర్మాణం 1245లో మొదలైంది. కాకతీయ శిల్పి స్తంభం మీద రాతి దూలం నిలిపాడు, ఇంగ్లండు శిల్పి మొనదేలిన కమాను కట్టాడు. దూలం పొడవును బట్టి స్తంభాల మధ్య దూరం ఏర్పడుతుంది. కమాను బరువును స్తంభాలకూ బయటి ఊతగోడలకూ పంచి గోడను కిటికీకి వదులుతుంది. ఇంతవరకు చెప్పి ఆగితే మెదక్ కమాను పూర్తిగా దిగుమతి సరుకే అనిపిస్తుంది. కాని 1591 నాటి చార్మినార్ కమానులు మొనదేలినవే. 1914 నాటికి ఈ ప్రాంతపు కళ్లకు ఆ ఆకారం మూడు శతాబ్దాలుగా పరిచితం. మన రచనలు చార్మినార్‌ను మెదక్ గోపురంతో ఎత్తు విషయంలోనే పోటీకి దించాయి, కమాను విషయంలో పక్కన నిలపలేదు.

రంగుటద్దాల కిటికీలను గురించి కూడా ఇదే తీరు. చీకటి పడితే బొమ్మలు మాయమవుతాయని అబ్బురపడతారు. బయటి వెలుగు గాజు గుండా లోపలికి రావడమే ఆ కళ. మధ్యయుగపు ప్రతి చర్చిలోనూ రాత్రి అంతే. చెప్పవలసినది వేరే ఉంది. ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రచించిన ఈ కిటికీలలో మొదట, 1927లో, బలిపీఠం వెనుక అమరినది క్రీస్తు ఆరోహణం. జననం 1947లో, సిలువ మరణం 1958లో వచ్చాయి. కథ ముగింపు ముందు వచ్చి, ఆరంభం ఇరవై ఏళ్లకు, నడిమి ఘట్టం ముప్పై ఒక్క ఏళ్లకు చేరింది. ఇరవై ఏళ్లపాటు ఆ నేవ్‌లో కూర్చున్నవారి ఎదుట గాజులో ఉన్నది ఆరోహణమొక్కటే.

చివరగా కూలి ప్రస్తావన. కరవు రోజుల్లో పనికి ఆహారం ఇచ్చి పాస్నెట్ ఈ చర్చి కట్టించాడన్న కథనం ప్రతి రచనలోనూ ఉంది. ఆ కథనంలో దాత ఉన్నాడు, ఆకలిగొన్నవారు ఉన్నారు, కట్టినవారు లేరు. రాయి కొట్టినవారు, మోసినవారు, నిలబెట్టినవారు అన్నం పొందినవారుగానే మిగిలారు. పారిష్ చర్చి నేవ్ ఊరిదని చెప్పే చరిత్రకారులు మధ్యయుగపు తాపీపనివారి పేర్లు చాలావరకు దొరకకపోయినా పారిష్ లెక్కలలో వారికిచ్చిన కూలిని వెతికి చదివారు. పాలంపేటలో గుడికి శిల్పి పేరే వచ్చిందని జనం చెప్పుకుంటారు. మెదక్ విషయంలో తెలుగు పరిశోధన పాస్నెట్ పేరును, సాలిస్‌బరీ పేరును, నేల పలకలు ఏ దేశం నుంచి వచ్చాయన్న సంగతిని నమోదు చేసింది. రాయి ఏ గుట్టది, దాన్ని చెక్కినవారు ఏ ఊరివారు, వారి మనుమలు ఇప్పుడు ఆ నేవ్‌లో ఏ వరుసలో కూర్చుంటున్నారు అన్న ప్రశ్నలతో చుట్టుపక్కల గ్రామాలకు వెళ్లిన సిద్ధాంత గ్రంథం రావలసి ఉంది.