గాథల ఇల్లు, పెన్నేటి ఇల్లు: అనంతపురం పీఠభూమి సాహిత్యంలో గృహసుఖం

రాయలసీమ సాహిత్యంపై, ప్రత్యేకించి అనంతపురం రచయితలపై వెలువడిన విమర్శలో కరువు, వలస, ముఠాకక్ష అనే మూడు శీర్షికలు స్థిరపడిపోయాయి. కథ ఏదైనా, నవల ఏదైనా, పరిశీలన చివరికి ఈ మూడింటిలో ఒకదాని కిందికి చేరుతుంది. ఈ వర్గీకరణకు చారిత్రక కారణాలున్నాయి. దాని అవసరం కూడా ఇంకా తీరలేదు. అయితే ఆ ఇళ్లలో మనుషులు ఎలా నవ్వుకున్నారు, చైత్రంలో ఏ పూలు తురుముకున్నారు, పొద్దుగూకాక ఎక్కడ కూర్చున్నారు, ఏ ఆట చూడటానికి పొరుగూరికి నడిచి వెళ్లారు అనే ప్రశ్నలకు ఈ శీర్షికల కింద చోటు లేదు. ఒకవేళ అవి ఎదురైనా వాటిని జానపద విజ్ఞానం అనే వేరే గదిలోకి పంపి తలుపు వేయడం పరిపాటి. ఈ విభజన వల్ల గృహసుఖమే కాక కరువు కూడా సగమే అర్థమవుతున్నది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన ఆధారం ఒకటి ఈ నేల పండితుల కృషిలోనే ఉంది. కంబదూరు ప్రాంతంలోని రాళ్లపల్లిలో 1893లో జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రాకృత గాథలను తెలుగు పద్యాలలోకి తెచ్చి ‘శాలివాహన గాథాసప్తశతీ సారము’ వెలువరించారు. ధర్మవరం ప్రాంతంలోని రాఘవంపల్లెలో 1913లో జన్మించిన తిరుమల రామచంద్ర ‘గాథాసప్తశతిలో తెలుగు పదాలు’ పరిశోధించారు. తెలుగునాట అత్యంత తక్కువ వాన పడే జిల్లా నుంచి వచ్చిన ఇద్దరు విద్వాంసులు ఒకే ప్రాకృత సంకలనాన్ని ఆశ్రయించారు. కరువే వారిని ఆ గ్రంథం వైపు నడిపించిందనడం సాహసం. ఇద్దరిదీ సంప్రదాయ విద్య, ఇద్దరికీ ప్రాకృతంలో సహజమైన గతి ఉంది. కారణం ఏమైనా, పల్లె ఇంటి సుఖదుఃఖాలకు ప్రాచీన భారతీయ సాహిత్యంలో సాటిలేని నిధి అయిన ఆ గ్రంథాన్ని తెలుగు పాఠకుడికి దగ్గర చేసినవారిలో వీరిద్దరూ ఉన్నారు. రాళ్లపల్లిని సంగీత సాహిత్య విమర్శకునిగా, రామచంద్రను భాషాశాస్త్ర పరిశోధకునిగా చదివే అలవాటు ఉంది గాని, ఈ కృషిని అనంతపురం సాహిత్య చరిత్రలో భాగంగా చదివే అలవాటు లేదు.

హాలుని పేర ప్రసిద్ధమైన ఈ సంకలనంలో రాజసభలు అరుదు. గోదావరి గట్లు, పత్తిచేలు, నాగలి పట్టిన రైతు, ఊరిపెద్ద కూతురు, అత్తగారి కన్నుగప్పే కోడలు, దూరదేశం వెళ్లిన బాటసారి ఇందులో కనిపిస్తారు. రెండు పాదాల గాథలో ఒక ఇంటి వాతావరణం మొత్తం ఇముడుతుంది. రామచంద్ర వంటి పరిశోధకులు ఇందులో గుర్తించిన తెలుగు మాటలలో ‘అత్త’, ‘పొట్ట’ ఉండటం గమనార్హం. ఒకటి ఇంట్లోని మనిషి, రెండోది ఇంటి నిత్యావసరం. రెండువేల ఏళ్ల కిందటి ప్రాకృతంలోకి తెలుగు ప్రవేశించిన ద్వారాలలో వంటిల్లు ఒకటి కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

వంటింటి గాథలలో బాగా ప్రసిద్ధమైనదాంట్లో, పొయ్యి దగ్గర పనిలో ఉన్న ఇల్లాలు మసిచేయి ముఖానికి తగిలించుకుంటుంది. మచ్చ పడిన ఆ ముఖం చంద్రబింబంలా ఉందని భర్త నవ్వుతాడు. అలంకారికులు ఇందులో ఉపమను, దాంపత్య పరిహాసాన్ని చూశారు. ఈనాటి పాఠకుడు మరొక ప్రశ్న వేయక తప్పదు: ఈ దృశ్యంలో సుఖం ఎవరిది? నవ్వింది భర్త, మసి పూసుకున్నది భార్య. గృహసుఖాన్ని గురించిన ఏ చర్చ అయినా ఈ ప్రశ్నను దాటిపోతే అది పొగడ్తగా మిగులుతుంది.

అయితే గాథలను సుఖానికి మాత్రమే పరిమితం చేయడం కూడా పొరపాటు. కారుతున్న కప్పు కింద బిడ్డ తడవకుండా తల అడ్డం పెట్టిన పేదరాలు, తన కన్నీటితోనే ఆ బిడ్డ తడుస్తున్నాడని గమనించదు. ఇక మరొక గాథ ఈ వ్యాసానికి కీలకం. లేమి గల ఇంటి ఇల్లాలు గర్భవతి. వేవిళ్ల కోరిక ఏమిటని చుట్టూ ఉన్నవారు పదేపదే అడుగుతారు. ఏది కోరినా భర్త తేలేక నొచ్చుకుంటాడని ఆమెకు తెలుసు. నీళ్లు కావాలంటుంది. కోరిక తీరాలి, భర్త పరువు దక్కాలి, పేదరికం పేరెత్తకూడదు. ఈ మూడు షరతులకూ నిలిచే పదార్థం ఆమెకు ఒక్కటే కనిపించింది. నీటికి వెల లేదన్న నమ్మకం మీద ఆ గాథ సౌందర్యమంతా ఆధారపడి ఉంది. ఏరు నిండుగా పారే గోదావరీతీర కవిత్వంలో ఆ నమ్మకం సహజం.

అదే గాథను అనంతపురంలో చదివితే అర్థం తలకిందులవుతుంది. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య ఋతుపవనం తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడుతుంది. బోరులో నీరు పడితే ‘గంగ పడింది’ అంటారు. పడటం, పడకపోవడం రైతు చేతిలో లేవు. ఇక్కడి ఇల్లాలు వేవిళ్ల వేళ నీళ్లు కోరితే అది వెలలేని కోరిక కాదు, అన్నింటికంటే బరువైన కోరిక. పైగా ఆ నీటిని బిందెతో మోయవలసినది చాలాసార్లు ఆమే. గాథలోని త్యాగానికి పీఠభూమి వేసే ఈ ఎదురు ప్రశ్నను గుర్తించిన పాఠకుడు విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ను కూడా కొత్తగా చదవగలడు.

తరిమెలలో 1915లో జన్మించిన విశ్వం సంస్కృత కావ్యాలను తెలుగువారికి అందించిన అనువాదకుడు కూడా. 1956లో వెలువడిన ‘పెన్నేటి పాట’ కరువు కావ్యంగా సుప్రసిద్ధం. కథ నడిపేది రంగడు, గంగమ్మ అనే నిరుపేద దంపతులు. ఆ జంటను విమర్శ ఎక్కువగా సీమ పేదరికానికి ప్రతీకగా నిలబెట్టింది. ప్రతీకగా నిలబడిన వెంటనే వారు ఆలుమగలు అన్న సంగతి వెనక్కి పోతుంది. విశ్వం తన కరువు కథకు కేంద్రంగా ఒక ఉద్యమ నాయకుణ్ణో ఊరినో కాక ఒక సంసారాన్ని ఎన్నుకోవడం కావ్యనిర్మాణంలో ప్రధానమైన నిర్ణయం. ఇంటి ఇల్లాలికి గంగమ్మ అని పేరుండటం సీమలో సాధారణమే; కాని పెన్న ఎండిన కావ్యంలో, ‘గంగ పడింది’ అనే వాడుక గల నేలలో, ఆ పేరు సాధారణంగా మిగలదు. ఏట్లో లేని నీరు ఇంట్లో మనిషి పేరుగా ఉంది. సంస్కృత కావ్య సంప్రదాయం తెలిసిన కవికి దాంపత్యం అంటే శృంగార రసాశ్రయం. ఆ ఆశ్రయాన్నే తీసుకుని కరుణకు అప్పగించడంలో విశ్వం శిల్పం ఉంది. ఆలుమగల అనురాగం పాఠకుడికి అందకపోతే వారి ఆకలి లెక్కగా మిగిలేది.

కావ్య సంప్రదాయం సుఖానికి కేటాయించిన ఋతువు వసంతం. మామిడి పూత, కోయిల, మలయమారుతం ఆ వర్ణనకు సామగ్రి. పెనుకొండ వంటి దుర్గాలను ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో ఋతువర్ణనను ఇంటి గుమ్మం దాకా తెచ్చాడు. ముసురు పట్టిన రోజున నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్లు ఆయన వర్షవర్ణనలో కనిపిస్తారు. చక్రవర్తి కంట పడిన ఈ వంటింటి చిక్కు మిగిలిన ప్రబంధకవులకు అంత తరచుగా కనిపించలేదు. దత్తమండలాలకు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించిన ‘రాయలసీమ’ అనే పేరు ఆ రాయలనే తలపిస్తుంది. పోయిన సమృద్ధి జ్ఞాపకం ప్రాంతం పేరులోనే ఉంది.

కాని పీఠభూమి పంచాంగంలో వసంతం స్థానం వేరు. వర్షాధార వేరుశనగ ఆషాఢం చుట్టూ విత్తి కార్తీకం నాటికి పీకే పంట. ఫాల్గుణ చైత్రాలకు చేను బోడిగా ఉంటుంది. పనిలేని కాలం కనుక తేర్లు, పరసలు, పెళ్లిళ్లు, ఆటలు అప్పుడే. పనిలేని కాలం కనుకనే బెంగుళూరుకు, కేరళకు కూలి వలసలూ అప్పుడే. సంబరం, లేమి ఒకే నెలలో, ఒకే కారణం వల్ల వస్తాయి. కావ్యవసంతానికి ఈ సంకటం లేదు. ఇక్కడి పూలు కూడా సంకటాన్ని ఎరిగినవే. వాన చుక్క లేని ఎండలో కానుగ పూసి చెట్టుకింద నేలంతా తెల్లగా పరుస్తుంది. వేప పూత ఉగాది పచ్చడికి అందుతుంది. ఇవి తలలో తురుముకునే పూలు కావు. తురుముకునే పూలకు తడి కావాలి. కదిరి మల్లెకు పేరు వచ్చిందంటే ఎక్కడో ఒక బావి ఆ మొక్కకు నీరిచ్చిందని అర్థం. ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు కదిలేటప్పుడు భక్తులు దవనం, మిరియాలు రథం మీదికి చల్లుతారు. దవనం మారాకు వంటిదే. రంగు లేదు, పరిమళమే దాని విలువ. ఎండిన తరువాత కూడా వాసన నిలిచే ఆ మొక్కను ఈ ప్రాంతపు వసంత చిహ్నంగా ఏ కవిసమయమూ గుర్తించలేదు. మూరెడు మల్లెల దండలోనూ పిడికెడు దవనంలోనూ ఎంత నీటి చరిత్ర ఉందో చెప్పగల స్థితిలో ఉన్నది స్థానిక సాహిత్యం. దాన్ని ఆ దృష్టితో చదవవలసినది విమర్శ.

ఇందుకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమ అడుగుతున్నది నీళ్లు. ఆ డిమాండుకు గొంతునిచ్చిన సాహిత్యంలో మల్లెలు, తేర్లు, వెన్నెల వెదకడం సమస్య తీవ్రతను పలుచన చేయదా? సింగమనేని నారాయణ వంటివారు కథను రైతు వేదనకు సాక్ష్యంగా నిలబెట్టిన తరువాత విమర్శ వెనక్కి నడవడం కాదా? ఆక్షేపణలో ఆందోళన నిజమైనదే. అయితే సింగమనేని కథాసంపుటి పేరు ‘జూదం’ అన్నది మరువరాదు. జూదం మూలతః వినోదం. తీరిక వేళ రచ్చకట్ట మీద ఆడవలసిన ఆట సేద్యంగా మారిందన్న వ్యంగ్యం ఆ ఒక్క మాటలో ఉంది. ఆట అంటే ఏమిటో తెలిసిన ఊరికే అది తగులుతుంది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ హండె పాలకుల కాలపు అనంతపురాన్ని నవలగా మలిచి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నది. దాని శీర్షికలోని శాపం కూడా, పోగొట్టుకోదగినది ఏదో ఉండేదని చెబుతూనే ఉన్నది. కరువు తీసుకుపోయేది దిగుబడిని మాత్రమే అయితే నష్టపరిహారం సరిపోవాలి. సరిపోదని ఈ రచయితలందరికీ తెలుసు.

ఇంటి నుంచి సాయంకాలం వైపు వస్తే చర్చ మరింత చిక్కబడుతుంది. పీఠభూమి ఇల్లు మట్టి మిద్దె. వానకు ముందు చవుడు పరిచి దాన్ని కాపాడుకుంటారు. వేసవిలో ఆ మిద్దె మీదే పడక. గోధూళి వేళ జగిలి మీద, రాత్రి మిద్దె మీద సాగే మాటలే సీమ కథనశైలికి ఒక మూలమని చెప్పవచ్చు. సంభాషణ ప్రధానంగా, వాదులాటతో, మధ్యలో ఛలోక్తితో నడిచే ఇక్కడి కథ ఆ కూర్చోవడం నుంచి పుట్టింది. ‘జగిలి’ని అరుగు అని దిద్దిన చోట అర్థం పోదు గాని, కన్నడ సరిహద్దు సాయంకాలం పోతుంది.

సాయంకాలం ఇల్లు దాటి వెళ్లే సంబరాలలో తోలుబొమ్మలాటది ప్రత్యేక స్థానం. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ఈ కళకు నెలవు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఈ కళాకారుల కుటుంబాలలో మరాఠీ మాండలికం ఇంటిభాష, ప్రదర్శన భాష తెలుగు. మహారాష్ట్రీ ప్రాకృతంలో తెలుగు మాటలు వెదికిన రామచంద్ర జన్మస్థలానికి ఇంత సమీపంలో ఈ ద్విభాషా జీవనం ఉండటం ఒక ముచ్చటైన సంగతి. వానలు వెనక్కి పోయినప్పుడు విరాటపర్వం ఆడిస్తే మేఘం కరుగుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో బలమైనది. తెల్లవార్లూ సాగే ఆ ఆటలో విరటుని కొలువు మధ్య కేతిగాడు దూరతాడు; బంగారక్క, జుట్టుపోలిగాడు సంసారపు తగాదా పెట్టుకుంటారు. అత్తా కోడళ్ల ఎత్తిపొడుపులు, మొగుడి చేతగానితనం, పెళ్లాం నోటిదురుసు అంతా తెర మీదికి వస్తుంది. గాథలో భర్త నవ్వితే ఇక్కడ బంగారక్క నవ్వుతుంది, చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు నవ్వుతారు. వాన కోసం మొక్కుగా ఏర్పాటైన రాత్రి ఇంటి గొడవల హాస్యానికి కూడా చోటిచ్చింది. ఇందులో కరువును, వినోదాన్ని వేరు చేసి రెండు శీర్షికల కింద రాయగల విమర్శకుడు ఎవరూ ఉండరు. మొక్కు ఎక్కడ ముగిసి నవ్వు ఎక్కడ మొదలైందో ప్రేక్షకులకే తెలియదు.

ఇప్పుడు నిమ్మలకుంటలో బొమ్మలాటతో పాటు తోలు దీపపు గూళ్లు, గోడ అలంకరణలు తయారవుతున్నాయి. కొనేవారు ఎక్కువగా నగరాల వారు. మేకతోలును పలుచన చేసి, రంధ్రాలు పొడిచి, రంగులద్దే పద్ధతి దాదాపు అదే. ఒకప్పుడు తెర వెనక వెలుగుతూ ఊరిని ఇళ్లలోంచి బయటికి పిలిచిన ఆ తోలు, నేడు దూరనగరంలో ఏదో ఇంటి హాలులో వెలుగుతూ ఆ ఇంటివారిని సాయంకాలం లోపలే కూర్చోబెడుతున్నది.